పదీ పన్నెండు వేలలో గేమింగ్ మానిటర్ కొనడం ఎలా?

మా పిన్ని కొడుకు పోయిన వేసవిలో ఫోన్ చేశాడు. "అన్నయ్యా, 144 హెర్ట్జ్ మానిటర్ కొని మూడు నెలలైంది. పాతదానికీ దీనికీ నాకేం తేడా కనిపించట్లేదు. మోసపోయానా?" అని. ఆదివారం వాళ్లింటికి వెళ్లి చూస్తే మానిటర్‌లో ఏ లోపమూ లేదు. విండోస్‌లో రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారాలన్న అంకె, 60 దగ్గరే ఉండిపోయింది. అది చాలదన్నట్టు, హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు తగిలించి ఉంది. వేలు పోసి కొన్న కార్డు కేబినెట్‌లో ఖాళీగా కూర్చుంది. కేబుల్ మార్చాను, సెట్టింగ్ మార్చాను, మౌసును ఒకసారి గుండ్రంగా తిప్పి చూడరా అన్నాను. తిప్పాడు. "ఓరి నాయనో" అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. పెట్టె మీద సవాలక్ష అంకెలు అచ్చేస్తారు గానీ ఏ అంకె ఎందుకో, ఇంటికి తెచ్చాక ఏం చేయాలో ఎక్కడా రాయరు. చేతిలో పది పన్నెండు వేలే ఉన్నప్పుడు ఏ వరుసలో ఆలోచించాలో, ఎక్కడ పైసా కూడా పెట్టక్కర్లేదో చెబుతాను. నేను చెప్పే ధరలు పండగ సేల్‌కోసారి అటూ ఇటూ అవుతుంటాయి, కాబట్టి వాటిని అంచనాగానే తీసుకోండి.

ముందు మీ దగ్గర ఎన్ని ఫ్రేములున్నాయో చూసుకోండి

ఆటలో ఒకదాని వెనక ఒకటి వచ్చే బొమ్మలే ఫ్రేములు. మానిటర్ వాటిని సొంతంగా తయారుచేయదు. గ్రాఫిక్స్ కార్డు ఏం పంపితే అది చూపిస్తుంది. కాబట్టి దుకాణానికి బయల్దేరే ముందు ఒక సాయంత్రం ఈ పనికి పెట్టుకోండి. రోజూ ఆడే రెండు మూడు ఆటలు తెరిచి, తెర మూల ఎఫ్‌పీఎస్ అంకె, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది, కనిపించేలా చేయండి. స్టీమ్‌లో ఆడేవాళ్లకు ఆ సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. మిగతావాళ్లు విండోస్ బటన్, జీ కలిపి నొక్కితే వచ్చే గేమ్ బార్‌లో చూడొచ్చు. అరగంట ఆడండి. గరిష్ఠంగా ఎంత వచ్చిందనేది పట్టించుకోకండి. నలుగురూ ఒకేచోట చేరి పొగబాంబులు వేసుకుంటున్నప్పుడు అంకె ఎంతకు పడిపోయిందో అది కాగితం మీద రాసుకోండి.

వాలరెంట్ లాంటి తేలిక ఆటలు జీటీఎక్స్ 1650 లాంటి పాత కార్డు మీద కూడా సెట్టింగులు తగ్గిస్తే 144 దాటి పరిగెడతాయి. అదే కార్డు మీద సైబర్‌పంక్ 2077 మీడియంలో పెడితే నలభై రావడమే గగనం. మొదటిది మీ ఆటైతే ఎక్కువ హెర్ట్జ్ ఉన్న మానిటర్‌కు అర్థముంది. రెండోది మాత్రమే మీ ఆటైతే మానిటర్ ఎంత మంచిదైనా తెర మీద కనిపించేది ఆ నలభయ్యే. అలాంటప్పుడు మానిటర్ ఏడువేలలో ముగించి, మిగిలింది కార్డు కోసం దాచుకోండి. దుకాణంవాడు ఈ మాట చెప్పడు.

ల్యాప్‌టాప్‌కు బయటి మానిటర్ తగిలించాలనుకుంటే ఇంకో మెలిక ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల హెచ్‌డీఎంఐ పోర్టు పాత రకం, ఫుల్ హెచ్‌డీలో 120 హెర్ట్జ్‌తో ఆగిపోతుంది. పక్కనున్న టైప్-సీ పోర్టు డిస్‌ప్లే సిగ్నల్ ఇచ్చేదైతే, టైప్-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు వెళ్లే కేబుల్ ఒకటి కొంటే గండం గడుస్తుంది. మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరు కొట్టి కంపెనీ సైటులో ఆ రెండు పోర్టుల గురించీ చదివాకే ముందుకు వెళ్లండి.

సైజు, రిజల్యూషన్ రెండూ కలిపి చూడాలి

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. "అన్నా, ఇంకో వెయ్యి వేస్తే 27 అంగుళాలు వస్తుంది కదా" అంటాడు అమ్మేవాడు. వస్తుంది. కానీ అది ఫుల్ హెచ్‌డీయే, అంటే 1920 అడ్డం, 1080 నిలువు. పిక్సెల్స్ అవే, తెర మాత్రం పెద్దది. దోసెపిండి అంతే ఉండి పెనం పెద్దదైతే దోసె పలచబడుతుంది, ఇదీ అంతే. 24 అంగుళాల తెర మీద అంగుళానికి సుమారు 92 పిక్సెల్స్ ఉంటే, 27 మీద 82కు పడిపోతాయి.

తేడా చూడాలంటే ఆట కూడా అక్కర్లేదు. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద ఏదైనా తెలుగు దినపత్రిక సైటు తెరవండి. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటల దగ్గర ఆగి ఒత్తులు చూడండి. ఇంగ్లిష్ అక్షరాలు ఎలాగోలా నెట్టుకొస్తాయి. మన ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి కింద నల్లటి ముద్ద కనిపిస్తుంది. ఆటలో దూరాన తల బయటపెట్టిన శత్రువు కూడా అలాంటి ముద్దే. పైగా మన ఇళ్లలో మానిటర్ పెట్టే బల్ల లోతు రెండడుగులు మించదు, అంత దగ్గర నుంచి చూస్తే పిక్సెల్స్ మధ్య గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

అందుకని ఈ బడ్జెట్‌లో 24 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ. పెట్టె మీద 23.8 అని ఉన్నా కంగారు పడకండి, రెండూ ఒకటే.

27 అంగుళాలే కావాలని మనసు లాగుతుంటే దానికి తగ్గ జోడీ క్యూహెచ్‌డీ, 2560 అడ్డం 1440 నిలువు. పదిహేను వేల నుంచి మొదలై ఇరవై దాకా వెళుతుంది. చూడ్డానికి నిజంగానే బావుంటుంది, కానీ ఖర్చు మానిటర్‌తో ఆగదు. ఫుల్ హెచ్‌డీలో ఇరవై లక్షల ఎనభై వేలు దాటని పిక్సెల్స్ క్యూహెచ్‌డీలో దాదాపు ముప్పై ఏడు లక్షలవుతాయి. మీ కార్డు ప్రతి ఫ్రేముకూ 1.78 రెట్లు చాకిరీ చేయాలి. కార్డు మోయలేకపోతే రిజల్యూషన్ తగ్గించి ఆడదాంలే అనుకోవద్దు. 1080ని 1440 తెర మీద సాగదీస్తే లెక్క సమంగా కుదరదు, ఒక్కో పిక్సెల్ అడ్డంగానూ నిలువుగానూ ఒకటీ మూడోవంతు జాగాలో పరుచుకుని బొమ్మంతా మసకేస్తుంది. డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెల్స్‌తో గీసి తెలివిగా పెద్దది చేసే పద్ధతి) ఉన్న ఆటల్లో పరిస్థితి కొంత మెరుగు. ఆర్ఎక్స్ 6600 స్థాయి కార్డు ఉండి, అప్‌స్కేలింగ్ వాడుకుంటూ, నింపాదిగా కథ నడిచే ఆటలు ఆడేవాళ్లయితే క్యూహెచ్‌డీకి నేను అడ్డు చెప్పను.

హెర్ట్జ్: ఎక్కడ ఆగాలి?

60 హెర్ట్జ్ అంటే తెర సెకనుకు అరవైసార్లు మారుతుంది. ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర అది 10 మిల్లీసెకన్లు. 144 దగ్గర 6.9. 180 దగ్గర 5.6. 240 దగ్గర 4.2.

ఇప్పుడు తేడాలు చూడండి. 60 నుంచి 100కు వెళితే 6.7 మిల్లీసెకన్లు కలిసొచ్చాయి. 100 నుంచి 144కు మూడు. 144 నుంచి 180కి 1.4 మాత్రమే. 180 నుంచి 240కి మళ్లీ అంతే. అంటే 60 నుంచి 144కు పోతే దక్కే లాభంలో మూడింట రెండు వంతులు 100 దగ్గరే చేతికొచ్చేస్తోంది. ఏడువేలకు అటూ ఇటూగా దొరికే 100 హెర్ట్జ్ ఐపీఎస్ (ఇదో ప్యానెల్ రకం, కింద చెబుతాను) మానిటర్లను ఆఫీసు సరుకని తీసిపారేయొద్దని నేను పోరేది అందుకే. ఆ మానిటర్ గేమింగ్ బొమ్మలతో, ఎర్ర గీతలతో రాదు కాబట్టి కుర్రాళ్లు కన్నెత్తి చూడరు.

అయినా తుపాకీ కాల్పుల ఆటలే ఎక్కువగా ఆడతారు, కాగితం మీద రాసుకున్న అంకె 120 పైనే ఉందంటే 144 నుంచి 180 మధ్యలో ఏది చౌకగా దొరికితే అది తీసుకోండి. తొమ్మిది నుంచి పన్నెండు వేలలో వస్తున్నాయి. 165, 180 మధ్య తేడాకు వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వకండి, కళ్లకు తెలియదు. ఇక 240 అనేది ఈ బడ్జెట్‌లో మానిటర్ కొనేవాళ్ల కార్డు సాధారణంగా అందుకోగలిగేది కాదు.

పీఎస్4 కోసమే కొనేవాళ్లకు 60 చాలు, ఆ కన్సోల్ అంతకుమించి పంపదు. పీఎస్5 ఫుల్ హెచ్‌డీలో 120 దాకా పంపుతుంది, మామూలు హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు చాలు.

ప్యానెల్ రకం

మూడు రకాలున్నాయి. టీఎన్ పాతకాలపుది, పక్కనుంచి చూస్తే రంగులు పాలిపోతాయి. ఇప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు. మిగిలింది ఐపీఎస్, వీఏ.

వీఏలో నలుపు నల్లగా ఉంటుంది. ఐపీఎస్ కాంట్రాస్ట్ మామూలుగా 1000:1 దగ్గరుంటే వీఏది 3000:1 దాకా పోతుంది. రాత్రి లైటార్పి సినిమా చూస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మరి గేమింగ్‌కు వీఏ ఎందుకు వద్దంటున్నాను? నలుపు నుంచి ముదురు బూడిద రంగుకు మారాల్సి వచ్చినప్పుడు చౌక వీఏ ప్యానెల్స్ నత్తనడక నడుస్తాయి. చీకటి గదిలో ఆట నడుస్తుండగా గబుక్కున పక్కకు తిరిగితే గోడ అంచులు తడి రంగు మీద చెయ్యి రాసినట్టు సాగుతాయి. ఖరీదైన వీఏల్లో ఈ జబ్బు బాగా తగ్గింది గానీ మనం వాటి గురించి మాట్లాడుకోవట్లేదు.

ఐపీఎస్‌కు ఉండే జబ్బు వేరు. చీకటి గదిలో నల్లటి తెర పెడితే మూలల్లో తెల్లటి కాంతి పొగలా కనిపిస్తుంది. కొంతవరకు అది దాని స్వభావం. ఒక ట్యూబులైటు వేసుకుని ఆడేవాళ్లకు అది పట్టనే పట్టదు. పది పన్నెండు వేలలో నా ఓటు ఐపీఎస్‌కే, ఇందులో నాకు రెండో మాట లేదు.

రంగుల దగ్గర ఒక చిన్న చిట్కా: తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు ఎస్ఆర్‌జీబీ, ఎన్‌టీఎస్‌సీ. 99 శాతం ఎస్ఆర్‌జీబీ అనో, 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అనో ఉంటే మంచిదే, రెండూ దాదాపు ఒకే మాట. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే దాన్ని వదిలేయండి, ఎరుపు ఇటుక రంగులో కనిపిస్తుంది.

ఇంకో సంగతి. అల్ట్రాగేర్, నైట్రో, ఒడిస్సీ ఇవన్నీ కంపెనీలు తమ గేమింగ్ మానిటర్లకు పెట్టుకునే ఇంటిపేర్లు. ఒకే ఇంట్లో ఐపీఎస్ ఉంటుంది, వీఏ ఉంటుంది, మంచిదీ ఉంటుంది, అంతంతమాత్రమూ ఉంటుంది. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకోకండి. మోడల్ నంబరు మొత్తం, చివరి అక్షరంతో సహా రాసుకుని, కంపెనీ సొంత సైటులో ప్యానెల్ రకం అన్న వరుస వెతకండి. అమ్మకం సైట్లలో ఆ వరుస తప్పుగా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

1 మిల్లీసెకను అనే మాట

పెట్టె మీద అన్నిటికంటే పెద్దక్షరాల్లో ఉండేది ఇదే, అన్నిటికంటే తక్కువ నమ్మాల్సిందీ ఇదే. దీన్ని రెండు రకాలుగా కొలుస్తారు. జీటీజీ అంటే పిక్సెల్ ఒక బూడిద ఛాయ నుంచి మరో ఛాయకు మారడానికి పట్టే కాలం. ఎంపీఆర్‌టీ అంటే కదిలే బొమ్మ కంటికి ఎంతసేపు నిలిచినట్టు కనిపిస్తుందన్న లెక్క. ఎంపీఆర్‌టీని ఒకటికి దించడానికి వెనకున్న లైటును ఫ్రేముకోసారి ఆర్పి వెలిగిస్తారు. దాంతో వెలుతురు తగ్గిపోతుంది, కొందరికి కళ్లు లాగుతాయి. చాలా మానిటర్లలో ఆ మోడ్ వేస్తే తర్వాత చెప్పబోయే ఫ్రీసింక్ పనిచేయదు. అసలుకే ఎసరు.

జీటీజీ ఒకటి అన్నా, అది మెనూలో ఓవర్‌డ్రైవ్‌ను (పిక్సెల్‌ను త్వరగా మారమని తోసే సెట్టింగ్) ఆఖరి మెట్టు మీద పెట్టి, తమకు నచ్చిన రెండు ఛాయల మధ్య కొలిచింది. ఆ మెట్టు మీద నిజంగా ఆడితే కదిలే వస్తువు వెనకాల తెల్లటి దయ్యం లాంటి నీడ పరిగెడుతుంది. కాబట్టి ఒకటి, అర అన్న అంకెలు పోల్చి కొనకండి. మీరు చూస్తున్న మోడల్‌ను ఆర్‌టింగ్స్ లాంటి మానిటర్లు పరీక్షించే సైటులో కొలిచి ఉంటే ఆ ఫొటోలు చూడండి. లేదంటే దాన్ని కొన్నవాళ్లు తీసిన వీడియోలు చూడండి. మన దగ్గర తెలుగులో కూడా యూట్యూబులో కొందరు ఓపిగ్గా చూపిస్తున్నారు.

ఫ్రీసింక్ లేనిదే కొనొద్దు

కార్డు ఫ్రేమును పంపే వేళ, తెర మారే వేళ కలవకపోతే తెర మధ్యలో బొమ్మ చిరిగినట్టు కనిపిస్తుంది. పైసగం పాత ఫ్రేము, కిందిసగం కొత్తది. ఆటలో తలుపు పక్కనుంచి నడుస్తూ చూడండి, తలుపు నడుము దగ్గర విరిగినట్టుంటుంది. ఆటలోని వీసింక్ (తెర మారే వేళ వచ్చేదాకా ఫ్రేమును ఆపే సెట్టింగ్) వేస్తే చిరుగు పోతుంది గానీ మౌసు బరువెక్కినట్టు అనిపిస్తుంది. అడాప్టివ్ సింక్ (ఫ్రీసింక్ ఇందులో ఒక రకం) వచ్చాక ఆ బాధ తీరింది. ఫ్రేము ఎప్పుడు తయారైతే అప్పుడే తెర మారుతుంది.

ఎన్విడియా 2013లో జీసింక్ అని తెచ్చింది, అప్పట్లో దానికి మానిటర్‌లో ప్రత్యేక పరికరం ఉండాల్సి వచ్చేది, ఖరీదు ఎక్కువ. ఏఎమ్‌డీ 2015లో ఫ్రీసింక్‌తో అదే పని చౌకగా చేసింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా దిగొచ్చి, జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి తమ కార్డులు ఫ్రీసింక్ మానిటర్లతో పనిచేసేలా డ్రైవర్ ఇచ్చింది. కాబట్టి "నాది ఎన్విడియా కార్డు, ఫ్రీసింక్ మానిటర్ పనికొస్తుందా?" అన్న అనుమానం ఇప్పుడు అక్కర్లేదు. కేబుల్ మాత్రం డిస్‌ప్లేపోర్ట్‌ది వాడండి.

నా లెక్కలో ఇది డబ్బున్నవాడికంటే లేనివాడికే ఎక్కువ అవసరం. పెద్ద కార్డున్నవాడికి ఫ్రేములు ఎప్పుడూ నూట నలభై పైన కదలకుండా ఉంటాయి. మన కార్డు 85 నుంచి 52కు, 52 నుంచి 70కి ఎగిరి దూకుతుంటుంది. ఆ కుదుపుల్ని కప్పేది ఇదే. ఫ్రీసింక్ పనిచేసే పరిధిని కూడా చూడండి. 48 నుంచి 165 అని ఉంటే భేషుగ్గా ఉన్నట్టు. పై అంకె కింది అంకెకు రెండు రెట్లకు బాగా పైనుంటే, ఫ్రేములు 48 కిందికి పడినా మానిటర్ ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి నడిపిస్తుంది. 48 నుంచి 75 అని ఉన్నవాటిలో ఆ వీలు లేదు.

వెనకాల పోర్టులు

ఇది చిన్న విషయమే గానీ చివర్లో ముంచేది. కొన్ని చౌక మానిటర్లలో రెండు హెచ్‌డీఎంఐలే ఉంటాయి, అవీ 1.4 రకం. ఫుల్ హెచ్‌డీలో 120 దగ్గర ఆగిపోతాయి. పూర్తి వేగం కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఆపైది గానీ ఉండాలి, లేదంటే హెచ్‌డీఎంఐ 2.0. పెట్టెలో ఏ కేబుల్ ఇస్తున్నారో కూడా అడగండి. చాలాసార్లు హెచ్‌డీఎంఐ ఒక్కటే పెడతారు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌కు మూడు నాలుగు వందలు పక్కన పెట్టుకోండి.

వేటికి డబ్బు పెట్టక్కర్లేదు

హెచ్‌డీఆర్ స్టిక్కర్, అంటే వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపిస్తానని చెప్పేది. ఈ ధరలో అది పైన పటారం, లోన లొటారం. హెచ్‌డీఆర్10 అని రాసి ఉంటే ఆ సిగ్నల్‌ను తీసుకుంటుందని మాత్రమే అర్థం. అది చూపించాలంటే తెరలో చోటుకో రకంగా వెలిగే లైటింగ్, చాలా ఎక్కువ వెలుతురు కావాలి. 250, 300 నిట్ల (నిట్ వెలుతురు కొలత) తెర మీద హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే రంగులు వెలిసిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

24 అంగుళాల్లో వంపు తెర కూడా దండగే. వెనకాల రంగు లైట్లు గోడ చూసుకుని మురవడానికి. స్పీకర్లు ఉన్నా వాటిలో అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే.

స్టాండు మాత్రం ఆలోచించాల్సిన విషయం. ఎత్తు మార్చుకునే స్టాండుకు వెయ్యి పదిహేను వందలు ఎక్కువవుతుంది. ఇవ్వకపోయినా పర్లేదు, తెర పైఅంచు కళ్లకు సమానంగా వచ్చేదాకా కింద ఇంటర్ పుస్తకాలు పేర్చుకోవచ్చు, మా ఇంట్లో ఇప్పటికీ అదే ఏర్పాటు. కాకపోతే వెనకాల వీసా మౌంట్ రంధ్రాలు, అంటే మానిటర్‌ను చేయిలాంటి స్టాండుకు బిగించే స్క్రూ రంధ్రాలు, ఉన్నాయో లేవో చూసుకోండి, రేపు చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఆర్మ్ బిగించుకోవచ్చు.

దుకాణంలో

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అని పిలిచే కంప్యూటర్ దుకాణాల సముదాయం, ఒకసారి తిరిగి రావడం మంచిది. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో తెరిచిపెట్టుకుని వెళ్లండి. ఎమ్మార్పీ మీద ఎంత తగ్గించారన్నది పట్టించుకోకండి, ఆ ఎమ్మార్పీకి ఎవరూ ఎప్పుడూ కొనరు.

నేను ఒక కొట్లో చేసింది చెబుతాను. వరుసగా ఆరు మానిటర్లు ఒకే వీడియో ఆడిస్తూ ఉన్నాయి. అన్నిటికీ ఒకే డబ్బా నుంచి కేబుళ్లు వెళుతున్నాయి. "అన్నా, ఈ మానిటర్ మెనూలో ఇన్ఫర్మేషన్ పేజీ తెరవండి" అన్నాను. తెరిస్తే 60 హెర్ట్జ్ అని ఉంది. అది 165 మానిటర్. అంటే అక్కడ నిలబడి ఎంతసేపు చూసినా తెలిసేది శూన్యం. ఒక కంప్యూటర్‌కు తగిలించి 165 పెట్టమని అడిగితే మొదట విసుక్కున్నాడు, తర్వాత ఆయనే వచ్చి నిలబడి చూశాడు. బ్రౌజర్‌లో నల్ల నేపథ్యం ఉన్న పేజీ ఏదైనా తెరిచి, బూడిద రంగు అక్షరాల్ని వేగంగా పైకీ కిందికీ జరపండి. అక్షరాలు తోకలు వేసుకుని పాకుతుంటే ఆ ప్యానెల్ సంగతి మీకు అర్థమైనట్టే. పక్కకు, కిందికి నిలబడి కూడా చూడండి.

జీఎస్‌టీ నంబరున్న బిల్లు అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. మూడేళ్ల వారంటీ మామూలుగా దొరుకుతుంది. మీ ఊరికి మనిషి వచ్చి చూస్తాడా, మనమే మోసుకెళ్లాలా అన్నది కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి పిన్‌కోడ్ చెప్పి కనుక్కోండి. జిల్లా కేంద్రానికి దూరంగా ఉండేవాళ్లకు ఈ ఒక్క ఫోన్ ఏ ఫీచర్ కంటే విలువైనది.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నారా? రెండు మూడు వేలకు దొరికే ఆఫీసు మానిటర్లు ఎక్కువగా 60 హెర్ట్జ్‌వి, వాటితో పని జరగదు. గేమింగ్‌ది ఎవరైనా అమ్ముతుంటే అరగంట వెలిగించి ఉంచమనండి. వేడెక్కాకే గీతలు, మూలల పసుపు బయటపడతాయి.

ఇంటికి తెచ్చాక

ఆన్‌లైన్లో తెప్పిస్తే పెట్టె మీద టేపు కోసే దగ్గర్నుంచి తెర వెలిగేదాకా ఆపకుండా వీడియో తీయండి. నేను ఒకసారి తీయలేదు. తెర మీద సాలెగూడులా పగులు, అమ్మినవాళ్లేమో మీరే పగలగొట్టారన్నారు. అయిదు వారాలు మెయిళ్లు రాసుకుంటూ కూర్చున్నాను.

మొదటి గంటలోనే తెల్లటి, నల్లటి, ఎర్రటి, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటే తెరనిండా పెట్టి చుక్కల కోసం వెతకండి. ఏ రంగు పెట్టినా నల్లగానే ఉండేది చచ్చిపోయిన పిక్సెల్. ఏదో ఒక రంగులో మెరుస్తూ ఉండిపోయేది ఇరుక్కున్న పిక్సెల్. ఒకటి రెండు చుక్కలుంటే వారంటీ కింద మార్చరు, చాలా కంపెనీల నిబంధనలు అలాగే ఉంటాయి. అమ్మిన సైటువాళ్లు ఇచ్చే రిటర్న్ గడువు మాత్రమే మీకు దిక్కు, అది సాధారణంగా వారం. అందుకే ఈ పని రేపటికి వాయిదా వేయొద్దు.

తర్వాత మా తమ్ముడు చేయని రెండు పనులు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌ను కేబినెట్ వెనక అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు పెట్టండి, నిలువుగా ఉన్న మదర్‌బోర్డు పోర్టుల వరుసలో కాదు. ఆపైన విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, కిందికి దిగి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి, రిఫ్రెష్ రేటులో అన్నిటికంటే పెద్ద అంకె ఎంచుకోండి. ఆటలోని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనూ అదే అంకె ఉందో లేదో చూడండి, కొన్ని ఆటలు పాతదాన్నే పట్టుకుని వేలాడతాయి.

మానిటర్ మెనూలో ఫ్రీసింక్ ఆన్ చేయండి. చాలా మోడళ్లలో ఇది ఆఫ్ చేసి పంపుతారు. ఎన్విడియా కార్డున్నవాళ్లు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీసింక్ వరుస కూడా ఆన్ చేయాలి. ఫ్రేముల పరిమితిని మానిటర్ హెర్ట్జ్ కంటే మూడు నాలుగు తక్కువ పెట్టండి, 165కు 161 అలాగన్నమాట. అలా చేస్తే ఫ్రీసింక్ పరిధి దాటి చిరుగులు రావు.

ఓవర్‌డ్రైవ్‌ను మధ్య మెట్టు మీద పెట్టండి. టెస్ట్ యూఎఫ్ఓ అన్న సైటు తెరిస్తే ఎగిరే పళ్లెం బొమ్మ ఒకటి అడ్డంగా పరిగెడుతుంటుంది. దాన్ని కళ్లతో వెంబడిస్తూ మెట్లు మార్చి చూడండి. నల్లటి తోక కనిపిస్తే ఒక మెట్టు పైకి, తెల్లటి నీడ కనిపిస్తే ఒక మెట్టు కిందికి.

హెచ్‌డీఎంఐతోనే సర్దుకుంటున్నవాళ్లకు నలుపు బూడిదలా కనిపిస్తుంటే, మానిటర్‌ను తిట్టే ముందు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ చూడండి. లిమిటెడ్ అని ఉంటే ఫుల్ చేయండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

చివరిగా వెలుతురు. కొత్త మానిటర్లు కళ్లు చెదిరేలా పెట్టి వస్తాయి. రాత్రిపూట ఆడేవాళ్లు ముప్పై నలభై శాతానికి దించుకోండి, పగలు కిటికీ ఎదురుగా ఉంటే పెంచుకోండి. కిటికీ మీ వీపు వెనక ఉండకుండా బల్ల జరపగలిగితే ఇంకా మంచిది. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసినప్పుడల్లా ఆ రిఫ్రెష్ రేటు అంకెను ఒకసారి తిరిగి చూడండి. మా వాడికి సంక్రాంతి సెలవుల్లో మళ్లీ 60కి పోయింది, ఈసారి ఫోన్ చేయకుండా వాడే పట్టుకున్నాడు.